ఏడుపాయల తొవ్వ

పోయిన శివరాత్రి తెల్లారి, ఏడుపాయల జాతరలో బండ్లు తిరిగే రోజు, మా పెద్దోడు అందరినీ కారులో ఎక్కించుకొని పోయాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఇంటి ముందు ఎక్కాం. దౌల్తాబాద్, నర్సాపూర్, కొల్చారం, పోతంశెట్టిపల్లి. యాభై కిలోమీటర్ల పైమాటే. గంటన్నర కూడా కాలేదు, జనం కనపడ్డారు. కారాపి అద్దాలు దించేసరికి మనవడు ఫోన్లోంచి తలెత్తి, "అప్పుడే వచ్చినమా?" అన్నాడు.

వాడికి తొమ్మిదేళ్ళు. తెలివైన పిల్లగాడు. "నడుమ ఏయే ఊర్లొచ్చినయి బిడ్డా?" అనడిగాను. "ఊర్లా?" అని వాళ్ళ నాయిన మొహం చూశాడు. వాళ్ళ నాయినేమో, "వాడేం చూస్తడు నాయినా, మ్యాప్ చూస్కుంట నేను గూడ చూడలే" అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. యాభై కిలోమీటర్ల నేల, దాని మీద ఇండ్లు, చెరువులు, మర్రిచెట్లు, మనుషులు, అన్నీ వాడి పక్కనుంచి పోయాయి. ఒక్కటీ వాడికి అంటలేదు.

మా రోజుల్లో అదే తొవ్వకు రెండు పగళ్ళు, ఒక రాత్రి పట్టేది. 1966లో నాకు పదేళ్ళు. ఊళ్ళో ఆరేడు బండ్లు కలిసి కదిలేవి. ఒంటి బండిగా ఎవరూ బయల్దేరేవారు కాదు, నర్సాపూర్ అడివి దాటాలి కదా. మా నాయిన పది రోజుల ముందు నుంచే బండిని చూసుకునేవాడు. వెదురు బద్దలు వంచి, పైన తడక కట్టి గూడు చేసేవాడు. అడుగున చొప్ప, దాని మీద వరిగడ్డి, దాని మీద బొంత, ఆ పైన గొంగడి. చొప్ప ఎడ్లకు మేత, మాకు పరుపు. పోయేకొద్దీ పరుపు తగ్గిపోతుండేది. తిరుగు ప్రయాణానికి బండి చెక్కలు వీపుకు తగిలేవి. బండి కింద కందిలి, దాని పక్కన కందెన గొట్టం వేలాడేవి. ఎడ్ల మెడల్లో గజ్జెల పట్టెడలు. అవ్వ జొన్నరొట్టెలు దొంతరగా చేసి గుడ్డలో మూట కట్టేది. ఎల్లిపాయ కారం, మలిద ముద్దలు, ఉడకబెట్టిన కందగడ్డలు. నాయినమ్మ అమ్మవారికి ఒడిబియ్యం విడిగా కట్టుకొని, ఆ మూట రెండు రోజులూ ఒళ్ళోంచి దించేది కాదు.

నేను చెప్పాలనుకునేది రొట్టెల రుచి గురించి కాదు. రుచులు ఇప్పుడూ ఉన్నాయి. నా మాట ఒకటే. బండికి ఊర్లతో పని ఉండేది. కారుకు ఏ ఊరితోనూ పనిలేదు.

ఎట్లాగంటే, దౌల్తాబాద్ చేరేసరికి ఎడ్లకు నీళ్ళు పెట్టాలి. రోడ్డు పక్క బావి ఒకాయనది. మా నాయిన ఆయన్ని "చిచ్చా" అని పిలిచేవాడు. ఆయన మా నాయినను "బేటా" అనేవాడు. ఆ ఒక్కరోజు తప్ప ఏడాదంతా వాళ్ళిద్దరూ కలిసేది లేదు. అయినా ఆయన బండ్లు చూడగానే మోట ఆపి తొట్టి నింపేవాడు. మా పెద్ద ఎద్దుకు పోయినేడు కాలు నొచ్చిన సంగతి ఆయనకు గుర్తుండేది. "ఎట్లుంది దాని కాలు?" అని ముందు ఎద్దును అడిగి, తర్వాత మమ్మల్ని అడిగేవాడు. మా ఊరి పేరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట, మా గుడి దుర్గాభవానిది. చిచ్చా బావి నీళ్ళు తాగిన ఎడ్లు పోయేది ఏడుపాయల వనదుర్గ జాతరకు. ఇందులో వింత ఉందని ఆ రోజుల్లో మాకెవరికీ తోచలేదు.

పొద్దు గూకేవేళకు నర్సాపూర్ చెరువు. అక్కడే పడక. చెరువుతో ఇంకో పని కూడా ఉంది. ఎండకు చక్రాల కట్టె ఎండి కుదించుకుపోతుంది. పైనున్న ఇనుప పట్టా వదులై గలగలమంటుంది. అందుకని బండ్లను చెరువు అంచున నీళ్ళలోకి దింపి రాత్రంతా ఉంచేవారు. కట్టె నీళ్ళు తాగి ఉబ్బి, తెల్లారేసరికి పట్టా మళ్ళీ బిగిసిపోయేది. చీకట్లో నీళ్ళ మీద వరసగా నిలబడ్డ ఏడు బండ్ల నీడలు నేనిప్పటికీ కళ్ళు మూసుకుంటే చూడగలను. అంత జాగ్రత్త తీసుకున్నా ఏదో ఒక బండికి పట్టా జారేది. అప్పుడు కొల్చారంలో కమ్మరి ఇల్లు వెతుక్కుంటూ పోవాలి. ఆయన అన్నం ముందు నుంచి లేచొచ్చి కట్టె ముక్క చెక్కి దిగ్గొట్టేవాడు. డబ్బులిస్తే కొన్నిసార్లు తీసుకునేవాడు, కొన్నిసార్లు "అమ్మకు టెంకాయ కొట్టుండ్రి నా పేరు మీద" అనేవాడు. నాయిన ఆ టెంకాయ మర్చిపోయిన ఏడు లేదు.

ఇంక నిప్పు. అగ్గిపెట్టె లేక కాదు, పుల్ల దండగ ఎందుకని. పొయ్యి పెట్టాల్సిన చోట అవ్వ నా చేతికో పిడక ఇచ్చి, "ఆ పొగొచ్చే ఇంటికి పోయి నిప్పు దేపో" అనేది. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని వాకిట్లో నిలబడి "అవ్వా, జరంత నిప్పు" అని అడగాలి. పదేళ్ళ పిల్లగాడికి అది చిన్న పరీక్ష కాదు. ఆ ఇంటామె పొయ్యిలోంచి కణిక తీసి పిడక మీద పెట్టేది. "ఏ ఊరు బిడ్డా? ఎవరి పిల్లగానివి?" అనేది. చెప్తే ఆ ఊళ్ళో తమ మేనత్త ఉందనో, బిడ్డనిచ్చారనో ఏదో చుట్టరికం తవ్వితీసేది. దోసెడు పేలాలు అంగీ జేబులో పోసేది. నిప్పు ఆరిపోకుండా ఊదుకుంటూ బండి దగ్గరికొచ్చేసరికి నాకు ఆ ఊళ్ళో ఒక ఇల్లు తెలిసిపోయేది. రెండు రోజుల తొవ్వలో అట్లాంటి ఇండ్లు నాలుగైదు. ఏటేటా అవే ఇండ్లు. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఇక్కణ్ణుంచి ఏడుపాయల దాకా ఎక్కడ దప్పికైనా, ఎక్కడ కాలు బెణికినా, పిలవడానికి ఒక గడప ఉందని నాకు తెలుసు. ఈ ఎరుకకు నేను ఇంకో పేరు పెట్టలేను, అది నా జిల్లా. 2016లో మెదక్ జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఇప్పుడు మేం సంగారెడ్డి జిల్లా, నర్సాపూర్ మెదక్ జిల్లా. కాయితం మీద గీత గీసినా నా లోపలున్న జిల్లా మారలేదు, దాన్ని ఎడ్ల కాళ్ళు గీశాయి.

నాకప్పగించిన పని కందెన. ఆముదంలో గడ్డి బూడిద కలిపి నూరిన నల్లటి ముద్ద అది. బండి ఆగిన ప్రతిచోటా కడశీల ఊడబెరికి, చక్రాన్ని కొంచెం బయటికి జరిపి, ఇరుసుకు పట్టించాలి. నాయిన చక్రం పట్టుకునేవాడు, నేను చెయ్యి పెట్టేవాణ్ణి. మోచేతుల దాకా నలుపు. ఇసుకతో తోమినా, కుంకుడుకాయతో రుద్దినా గోళ్ళ సందుల్లోంచి వారం పదిరోజులు పోయేది కాదు. జాతర నుంచి వచ్చి బడికి పోతే నా గోళ్ళు చూసి తోటి పిల్లలు "ఏడుపాయలకు పొయ్యొచ్చినవారా?" అని అడిగేవారు.

రెండో రోజు సందెవేళ మంజీర కనపడేది. బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా మన దగ్గరికొచ్చే మంజీర, నాగ్సాన్‌పల్లి దగ్గర బండల మధ్య ఏడు పాయలుగా చీలుతుంది. నాయినమ్మ బండి దిగకుండానే దండం పెట్టి, జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వశిష్ఠ, భరద్వాజ, గౌతమ అని ఏడుగురు ఋషుల పేర్లూ వల్లించేది. ఒక్కో పాయకు ఒక్కో ఋషి పేరు. ఆమెకు చదువు రాదు. జనమేజయుడి సర్పయాగం ఇక్కడే జరిగిందనీ, ఆ పాములకు ముక్తి కలగడానికే నది ఏడుగా చీలి పారిందనీ కథ చెప్పేది. కథ అయ్యేసరికి బండి ఇసుకలో దిగబడేది. అందరం దిగి తోసేవాళ్ళం.

ఆ ఇసుక! పిల్లలమంతా చేతులతో చెలిమెలు తోడేవాళ్ళం. మోచెయ్యి లోతు తవ్వితే అడుగున చెమ్మ, ఇంకొంచెం తవ్వితే నీళ్ళు ఊరి, తేటపడి, చల్లగా నిలిచేవి. గ్లాసు ముంచి పెద్దవాళ్ళకు ఇచ్చేవాళ్ళం. జాతరకొచ్చిన వాళ్ళెవరు అడిగినా ఆ చెలిమె నీళ్ళే. ఇప్పుడు ఆ పాయల్లో ఇసుక చాలాచోట్ల పోయి బండ తేలింది. పైన సింగూరు ప్రాజెక్టు వచ్చాక మంజీర తనంత తాను పారడం తగ్గింది. జాతరకు నీళ్ళు కావాలంటే సింగూరు గేట్లు ఎత్తి వదలాలి. 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట, ఇరవై వేల ఎకరాలకు పైగా తడిపే దాని మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు, అవి కూడా ఆ గేట్ల కోసమే ఎదురుచూస్తాయి. మనవడు బాటిల్ నీళ్ళు తాగాడు. చెలిమె అంటే ఏంటని అడిగాడు. చూపిద్దామని ఒకచోట వంగి తవ్వాను. ఒక గుప్పెడు మట్టి, ఒక గుట్కా పొట్లం, ఆ కింద రాయి తగిలాయి. లేచి చేతులు దులుపుకున్నాను.

కష్టాలు లేవని నేననను. 1968లో మా చెల్లెకు తొవ్వలో జ్వరమొచ్చింది. అడివి దాటి ఏదో ఊరి కళ్ళం దగ్గర ఆగాం. పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. డాక్టరు లేడు, మందు లేదు. కళ్ళం వాళ్ళ ఇంటామె పిల్లను తన ఒళ్ళోకి తీసుకొని తెల్లవార్లూ తడిగుడ్డ వేసింది. అవ్వ ఏడవను కూడా చేతకాక కూర్చుంది. నాయిన నర్సాపూర్ దాకా చీకట్లో వెనక్కి పరుగెత్తాడు. చెల్లె బతికింది, ఇప్పుడు మనవరాళ్ళను ఆడిస్తోంది. అట్లాంటి రాత్రి ఏ తల్లికీ రావొద్దు. రోడ్లు ఉండాలి, కార్లు ఉండాలి. ఆ కళ్ళం ఇంటామెకు మాత్రం మా అవ్వ బతికినన్నాళ్ళు ఏటా ఒక చీర, రైక గుడ్డ పెట్టింది.

బస్సులు వచ్చాక బండ్లు తగ్గాయి. బస్సును నేను తప్పుబట్టను, ఎందుకంటే బస్సుకు కూడా ఊర్లతో పని ఉండేది. 1967లో నాంపల్లి ఎగ్జిబిషన్ చూపిస్తానని నాయిన మమ్మల్ని సంగారెడ్డిలో బస్సెక్కించాడు. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ "కంది... రుద్రారం... ఇస్నాపూర్... పటాన్‌చెరు..." అని పాటలా పిలిచేవాడు. దిగేవాళ్ళు దిగేటప్పుడు, ఎక్కేవాళ్ళు ఎక్కేటప్పుడు ఆ ఊరి మనుషుల మొహాలు కనపడేవి. కోళ్ళ గంప ఎక్కితే ఇది ఫలానా ఊరని గుర్తు. జొన్నచేల గాలి ముఖానికి కొట్టేది. ఎగ్జిబిషన్‌లో ఏం చూశానో నాకిప్పుడు సరిగా గుర్తులేదు. ఆ పిలుపు మాత్రం వరస తప్పకుండా వినిపిస్తుంది.

తర్వాత ఆ రోడ్డు మీదే నా బతుకు గడిచింది. 1979లో పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో చేరాను. మూడు షిఫ్టులు. కళ్ళ ముందే చేలు షెడ్లయ్యాయి. అంతకు ముందు 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చినప్పుడే మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊర్లు లేచి వేరేచోటికి పోయాయి. జొన్న మీద, కంది మీద అక్కడ జరిగిన పని గొప్పదే, లోకానికి పనికొచ్చిందే. కానీ కండక్టరు పిలుపు తెలిసినవాణ్ణి కదా, ఊరు లేచిపోయిందంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఫ్యాక్టరీలు పెరిగాక నక్కవాగు రంగు మారింది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. ఆ కాలుష్యం మీద 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మేం కంపెనీ బస్సులో ఆ వాగు దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే అందరం కిటికీలు మూసేవాళ్ళం. ఇప్పటి పిల్లలు తొవ్వ చూడరని గొణుగుతాను గానీ, ముందు అద్దాలు ఎత్తింది మా తరమే. గాలిని అట్లా పాడు కానిచ్చింది మా కాలంలోనే. ఇది ఒప్పుకోకుండా మిగతాది చెప్పడం నాకు సరిపడదు. ఇప్పుడేమో ముత్తంగి అంటే ఊరని ఎంతమందికి తెలుసు? అది అవుటర్ రింగు రోడ్డు మీద ఒక ఎగ్జిట్. అక్కడ దిగుతారు, ఎక్కుతారు, పోతారు.

నా పిల్లలను నేను స్కూటర్ మీద ఏడుపాయలకు తీసుకుపోయాను. పెద్దోడు ముందు నిలబడేవాడు, చిన్నది మా మధ్యలో. 1988లో కొల్చారం దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీలో కూడా గాలి లేదు. ఇద్దరు పిల్లలు, ఒక స్కూటరు, నెత్తిన ఎండ. ఒక రైతు తన సైకిల్ మీద టైరు పెట్టుకొని పోయి అతికించుకొచ్చాడు. అంతసేపూ మా ఆమె, పిల్లలు ఆ రైతు ఇంటి చింతచెట్టు కింద కూర్చున్నారు. మొన్న కారులో పోతుంటే మా పెద్దోణ్ణి అడిగాను, "ఆ చింతచెట్టు గుర్తుందా?" అని. వాడు వెంటనే, "వాళ్ళింట్ల తెల్ల కుక్కపిల్ల ఉండె నాయినా. నాకు ఇయ్యమంటె ఇయ్యలే" అన్నాడు. నలభైయేడేళ్ళవాడి గొంతు ఒక్కసారి పిల్లగాడి గొంతైంది. చూశారా, వాడికీ ఒక ఇల్లుంది ఆ తొవ్వలో. "ఆపరాదు, చూద్దాం" అన్నాను. "పార్కింగ్ దొర్కదు నాయినా, లేటైతది" అని ఇంకొంచెం తొక్కాడు.

నాకు కోపం వాడి మీద కాదు, ఆ "లేటైతది" మీద. దేనికి లేటు? బండ్లు తిరిగేది సాయంత్రం. అమ్మవారు ఎక్కడికీ పోదు. పొద్దున తిని బయల్దేరినవాళ్ళం, మధ్యలో హోటల్లో ఆగి మళ్ళీ తిన్నాం. ఆ హోటల్ ఏ ఊళ్ళో ఉన్నా అదే బల్ల, అదే పేపరు ప్లేటు. వడ్డించిన పిల్లగాడిది బీహారో ఒడిశానో. వాడి ఊరు అడుగుదామని నేను నోరు తెరిచేలోపే బిల్లు ఫోన్లో కట్టేసి అందరూ లేచారు. పిల్లలకు మనం చూపించేదంతా చివర ఉన్న జాగా ఒక్కటే. అక్కడ నిలబడి నాలుగు ఫోటోలు. ఫోటోలో వాడున్నాడు, గుడి ఉంది. అక్కడికి వాడెట్లా వచ్చాడో చెప్పే ఒక్క మనిషీ లేడు.

సాయంత్రం బండ్లు తిరగడం మొదలైంది. డప్పులు, పోతరాజులు, జనం. చీరలు కట్టి, మామిడాకులు కట్టి అలంకరించిన బండ్లు. నాకు గుండె నిండింది, అబద్ధం చెప్పను. అయితే వాటిలో ఒకటి డీసీఎం వ్యానులో ఎక్కి వచ్చింది. నేనే చూశాను, వెనక డోరు దించి, పలకలు ఏటవాలుగా వేసి, ముందు ఎడ్లను దింపి, తర్వాత బండిని దింపారు. నడిచి రావాల్సిన ఎడ్లు. వాటికీ తొవ్వ తెలియదు.

అది ఇనుప పట్టా బండి, టైర్లది కాదు. నేను మనవడి చెయ్యి పట్టుకొని దగ్గరికి పోయాను. బండాయన నా ఈడువాడే. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. "ఇస్మాయిల్‌ఖాన్‌పేటనా? మా చిన్నమ్మను ఆడ్నే ఇచ్చిండ్రు" అన్నాడు. ఇంక మా మాటలు సాగాయి. మనవడు చక్రం దగ్గర వంగి, "తాతా, ఈ నల్లగ ఏంది?" అన్నాడు. నేను చెప్పేలోపే ఆయన, "చెయ్యి పెట్టు బిడ్డా, ఏం గాదు" అని వాడి వేళ్ళు పట్టుకొని ఇరుసు మీద రాశాడు. వాడు అరచెయ్యంతా పూసుకొని వాసన చూశాడు. ఆ వాసన నాలుగడుగుల దూరంలో ఉన్న నాకూ వచ్చింది. ఆముదం, కాలిన గడ్డి.

కారెక్కగానే కోడలు తడి టిష్యూ తీసింది. "చెయ్యి చూపియ్యి నానా, సీటుకు అంటుతది." వాడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. వాడు గుప్పిలి బిగించి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కొల్చారం పోయింది, నర్సాపూర్ పోయింది, దౌల్తాబాద్ పోయింది. ఇంటి ముందు కారాగేదాకా వాడు ఆ గుప్పిలి విప్పలేదు.